ఎనిమిదో ఇల్లు

మేస్త్రక్క ఎవరింటికి వెళ్లినా ముందు పలకరించేది మనుషుల్ని కాదు, గోడల్ని. గుమ్మంలోనే నిలబడి, వేళ్ల కణుపులతో రెండుసార్లు టకటకా కొట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేది. "గట్టి గోడే" అన్నదంటే ఆ ఇంటివాళ్లకు డాక్టరు నాడి చూసి ఏ జబ్బూ లేదన్నంత సంబరం. ఏమీ అనకుండా లోపలికొచ్చి మంచినీళ్లు అడిగిందంటే మాత్రం ఇంటాయనకు ఆ పూట ముద్ద దిగేది కాదు.

పధ్నాలుగో ఏట తట్ట మోయడానికి పనిలో చేరింది. ఆడవాళ్లు తట్ట మోయాలి, మగవాళ్లు తాపీ పట్టాలి అని ఎక్కడ రాసి ఉందో ఎవరూ చూపించలేదు గానీ అందరూ అలాగే నడుచుకునేవారు. పెద్దమేస్త్రి అన్నం తిని కునుకు తీసే గంటలో ఈ పిల్ల ఆయన తాపీ తీసుకుని, మిగిలిన సిమెంటు మాలుతో వెనకగోడకు పూత పూసి, ఆయన లేచేలోగా గీకేసేది. ఒకరోజు గీకడం మరిచిపోయింది. ఆయన లేచి ఆ గోడను అరచేత్తో తడిమి, "ఇంత నున్నగా నేనెప్పుడు పూశాను?" అని బుర్ర గోక్కున్నాడు. సంగతి తెలిశాక నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టడం అయ్యాక తాపీ చేతికిచ్చాడు. ఇప్పుడామెకు నలభై తొమ్మిది. చుట్టుపక్కల ఊళ్లలో ఆమె చెయ్యి పడని వీధి లేదు.

ఇంతమందికి ఇళ్లు కట్టిన మనిషి తను ఉండేది మాత్రం అద్దె రేకుల షెడ్డులో. వానొస్తే గిన్నెలన్నీ వంటకు పనికిరాకుండా పోయేవి, ఎందుకంటే అన్నీ నేలమీద కారే చోట్ల కాపలా ఉండేవి. ఆమె మొగుడు ఇరవై ఏళ్లు కంకర మిల్లులో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకుని వచ్చాడు. "చెమ్మ తగలని ఇంట్లో ఉంటే నాలుగు కాలాలు ఉంటాడమ్మా. లేకపోతే మందులు పోసి లాభం లేదు" అని డాక్టరు తెగేసి చెప్పాడు. అప్పటినుంచి మేస్త్రక్కకు ఒకటే యావ. పొడి గోడలున్న రెండు గదులు. అంతకుమించి దేవుడు ప్రత్యక్షమైనా అడగడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

ఇక ఆమెకున్న నా అన్నవాళ్లంటే ఒక్క చెల్లెలు. తల్లి పోయేనాటికి చెల్లెలికి ఐదేళ్లు, అక్కకు పదిహేడు. తట్ట మోసిన డబ్బుతో చెల్లెల్ని బడికి పంపింది, పెళ్లి చేసింది, పురుడు పోసింది. తనకు రాని రాత చెల్లెలికి వచ్చిందని ఎంత గర్వమో. ఎవరైనా కాగితం తెస్తే, "నాకెందుకు చూపిస్తారు, మా చెల్లిని అడగండి" అనేది, ఆ మాటలో కాస్త గొప్ప కూడా కలిపి.

ఇలా ఉండగా ఇళ్ల ఆఫీసు నుంచి ఇంజినీరమ్మ వచ్చింది. చిన్న చిన్న ఊళ్లలో సొంత ఇల్లు లేనివాళ్లకు స్థలమూ, సామానూ ఆఫీసు ఇస్తుందట. కష్టం మాత్రం కట్టుకునేవాళ్లదే. ఎనిమిది కుటుంబాలు జట్టుగా చేరాలి, ఇంటికిద్దరు చొప్పున వారానికి నాలుగు రోజులు పనికి రావాలి, ఒకరి ఇల్లు ఒకరు కట్టాలి. ఊరి చివర వాలు మీద ఎనిమిది స్థలాలు చూపించింది. ఒకటోది రోడ్డు పక్కన. మూడోదాని ఎదురుగా కుళాయి. ఎనిమిదోది వాలు కింద, పైనున్న వాన నీళ్లన్నీ దిగివచ్చే చోట.

మొదటి మీటింగులోనే రభస మొదలైంది. రోడ్డు పక్కది తనకిస్తే గిరాకీ ఉంటుందని దర్జీ, కుళాయి దగ్గరది తమకే కావాలని ముగ్గురు ఆడవాళ్లు. ఎనిమిదోది కావాలని ఒక్కరూ అనలేదు. కాసేపు విని మేస్త్రక్క లేచింది.

"ఏ ఇల్లు ఎవరిదో ముందే తెలిసిందనుకోండి, ఎవరి గోడకి వాళ్లు సిమెంటు కలుపుతారు, పక్కవాడి గోడకి ఇసక కలుపుతారు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, నాకు చెప్పకండి. ఎనిమిదీ పూర్తయ్యేదాకా ఎవరిదేదో ఎవరికీ తెలియకూడదు. ఆఖర్న చీటీలు తీద్దాం. అప్పుడు చచ్చినట్టు అన్నీ మనవే అనుకుని కడతాం."

అందరూ సరేనన్నారు. ఇంజినీరమ్మకు ఆ మాట ఎంత నచ్చిందంటే, అక్కడికక్కడే పుస్తకంలో రాసుకుని, తక్కిన ఊళ్లలో కూడా ఇదే పద్ధతి పెడతానంది. మొగుడు పనికి రాలేడు గనుక మేస్త్రక్క పనినే ఇద్దరి పనిగా లెక్కేశారు. జట్టుకు రాతకోతలు చూసే పని చెల్లెలికి అప్పజెప్పారు.

పని ఆరు నెలలు సాగింది. సూదిలో దారం ఎక్కించడం తప్ప ఏదీ ఎరగని దర్జీకి గోడ నిటారుగా ఉందో లేదో చూసే తూకపుగుండు పట్టుకోవడం నేర్పింది మేస్త్రక్క. "నీ గోడ తాగొచ్చినట్టు నిలబడింది, దాన్ని ఇంటికి పంపించి మళ్లీ కట్టు" అనేది. అతను నవ్వుతూనే విప్పి కట్టేవాడు. ఆ ఆరు నెలల్లో ఎవరి వాటా మాలు ఎవరు కలిపారో, ఎవరి తట్ట ఎవరు ఎత్తారో లెక్క లేదు. ఏ గోడ దగ్గర నిలబడినా "ఇది మనకే రావచ్చు" అనుకునేవారు, అంత పట్టుగా కట్టేవారు. మేస్త్రక్క జీవితంలో అంత హాయిగా పనిచేసిన రోజులు ముందూ లేవు, వెనకా లేవు.

ఆరో నెలాఖరుకు ఐదు ఇళ్లు పూతతో సహా అయిపోయాయి. మూడోదానికి స్లాబు పడాలి, ఏడోదానికి, ఎనిమిదోదానికి గోడలు సగంలో ఉన్నాయి. అప్పుడే ఇంజినీరమ్మ కబురు పెట్టింది. పక్క మండలంలో కొత్త జట్టు మొదలవుతోంది, మేస్త్రిగారు ఒక్క నెల వచ్చి పని నేర్పి, ఈ చీటీల పద్ధతి వివరంగా చెప్పాలని. మేస్త్రక్కకు ఛాతీ ఉప్పొంగింది. తట్ట మోసిన మనిషి పాఠం చెప్పడానికి వెళుతోంది మరి.

"నువ్వు నిశ్చింతగా వెళ్లిరా అక్కా. నేను దగ్గరుండి చేయిస్తాను కదా" అంది చెల్లెలు.

"నాలుగు తట్టల ఇసక్కి ఒక తట్ట సిమెంటు. అంతకి తగ్గకూడదు. గోడలకి పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టాలి, పది రోజులు. బిడ్డకి పాలు పట్టినట్టు పట్టాలే. ఒక్క పూట మరిచిపోయినా గోడ క్షమించదు."

"అబ్బ, నాకు తెలీదా? నీ చెల్లెల్నే కదా."

ఆ నెలంతా చెల్లెలు రోజూ ఫోను చేసింది. ఇవాళ స్లాబు పడింది. ఇవాళ ఎనిమిదోదానికి పూత మొదలైంది. నీళ్లు కొడుతూనే ఉన్నాం, చేతులు పడిపోతున్నాయనుకో. వింటూ మేస్త్రక్క కొత్త జట్టువాళ్లతో, "చూశారా, నేను లేకపోయినా అక్కడ పని ఆగలేదు. అదీ పద్ధతంటే" అని చెప్పుకుని మురిసిపోయేది.

తిరిగొచ్చేసరికి ఎనిమిది ఇళ్లూ తెల్లటి సున్నంతో మెరిసిపోతున్నాయి. ఏడు ఇళ్ల ముందు అనుకోని అరుగులు కూడా వెలిశాయి. ఎనిమిదోదానికి లేదేమని అడిగితే, వాలు కదా, కుదరలేదన్నారు. మేస్త్రక్క ఒక్కో ఇంట్లోకీ వెళ్లి చూసింది. ఎక్కడికెళ్లినా గోడ తట్టి చూసే మనిషి ఆ రోజు ఏ గోడా తట్టలేదు. చెల్లెలు కట్టించిన గోడను తట్టి చూడటమంటే చెల్లెల్ని అనుమానించడమేనని ఆమెకు అనిపించింది. ఆమె చేసిన పొరపాటల్లా అదొక్కటే.

మర్నాడే చీటీలు. చెల్లెలు ఎనిమిది చీటీలు రాసి, మడిచి, చెంబులో వేసింది. ఇంజినీరమ్మ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి చీటీ తీసి, విప్పి చూసుకుని, నంబరు చెప్పి, చీటీ జేబులోనో కొంగులోనో దాచుకుని వెళ్లారు. దర్జీకి ఒకటి. చెల్లెలికి మూడు. "నాదెప్పుడూ ఆఖరే. ముందు మీరు తీయండి" అని మేస్త్రక్క నిలబడే ఉంది. చివరికి చెంబులో మిగిలిన చీటీ ఆమెది. దాని మీద ఎనిమిది.

ఆమెకు రవ్వంతైనా దిగులు కలగలేదు. ఎవరికో ఒకరికి రావాలి కదా, తనకే వచ్చింది, పీడా పోయిందనుకుంది. "వాన నీళ్లు రాకుండా నేను చిన్న కాలవ తవ్వుకుంటాలే, బెంగపడకండి" అని పైగా వాళ్లకే ధైర్యం చెప్పింది. వాళ్లంతా నేల చూపులు చూశారు. తన కోసం బాధపడుతున్నారని ఆ పిచ్చిది పొంగిపోయింది.

కొత్తింట్లో దిగిన నాలుగో రోజు మొగుడి చొక్కాలు తగిలించడానికి మేకు కొట్టింది. రెండో దెబ్బకు మేకు గోడలోకి జారిపోయింది. దాని వెనకే ఇసుక జలజలా రాలింది. పొరపాటున అతుకు మీద కొట్టానేమో అనుకుని జానెడు పక్కన కొట్టింది. అక్కడా అంతే. అప్పుడు గోడను కణుపులతో తట్టింది. బోలు. పక్కగోడ తట్టింది. బోలు. వంటగదిలో, పడకగదిలో, కిటికీ కింద. ఎక్కడ తట్టినా ఖాళీ డబ్బా మోగినట్టే మోగింది. అరచెయ్యి ఆనిస్తే గోడ చల్లగా, చెమ్మగా ఉంది. మంచం మీదినుంచి మొగుడు దగ్గుతూ, "ఏం వెతుకుతున్నావే?" అన్నాడు. ఆమె మేకులూ సుత్తీ గుమ్మంలో పెట్టి బయటికి నడిచింది.

సామాను తప్పు అయ్యుంటుంది, సిమెంటు బస్తాలు నాసిరకంవి వచ్చుంటాయి, చెల్లెలికి పాపం తెలిసి ఉండదు. ఇలా దారి పొడవునా చెల్లెలి తరఫున తనే వకాల్తా పుచ్చుకుని మూడో ఇంటికి వెళ్లింది. చెల్లెలు కుళాయి దగ్గరికి వెళ్లిందట. పురిటికొచ్చిన చెల్లెలి కూతురు మూడు వారాల బిడ్డను ఉయ్యాల్లో ఊపుతోంది. మేస్త్రక్క అలవాటుగా గోడ తట్టింది. రాయిలా ఉంది. తలెత్తి చూసింది. స్లాబుకు గదికొక ఫ్యాను కొక్కెం ఉండాలి. ఇక్కడ రెండు ఉన్నాయి. రెండోదానికి ఉయ్యాల వేలాడుతోంది.

"ఈ కొక్కెం ఎక్కడిదే?" అంది.

"నేనే దగ్గరుండి పెట్టించాను పెద్దమ్మా. స్లాబు పోసే రోజు అమ్మ నన్ను పిలిచి, 'ఉయ్యాల ఎక్కడ వేసుకుంటావో ఇప్పుడే చెప్పు, తర్వాత కుదరదు' అంది. గాలి బాగా తగులుతుందని కిటికీ వైపు పెట్టమన్నాను. బాగుంది కదూ?"

స్లాబు గట్టిపడ్డాక కొక్కెం పుట్టదు. ఆ సంగతి మేస్త్రక్కకు ఎవరూ చెప్పక్కర్లేదు. స్లాబు పడినప్పటికి చీటీలు తీయడానికి ఇంకా మూడు వారాల పైమాటే ఉంది. అయినా ఈ పిల్లకు ఉయ్యాల ఎక్కడ వేయాలో తెలుసు. పెద్దమ్మకు తెలియదన్న సంగతి మాత్రం ఆ పిల్లకు తెలియదు. బిడ్డ బుగ్గ మీద వేలు ఆనించి బయటికొచ్చేసింది.

చెల్లెలు బిందెతో ఎదురొచ్చింది. అక్క ముఖం చూసి బిందె కింద పెట్టింది.

"ఎప్పుడు పంచుకున్నారే?" అంది మేస్త్రక్క.

చెల్లెలు కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. అక్క ఊరికి వెళ్లిన రెండో రోజునే ఏడు ఇళ్లవాళ్లూ కూర్చున్నారట. ఇంట్లో పురుడు ఉంది, కుళాయి దగ్గరుంటే బాగుంటుందని తనే ముందు అందట. దర్జీకి రోడ్డు. ఇలా తలా ఒకటి సర్దుకోగా ఎనిమిదోది మిగిలింది. ఇక దానికి సిమెంటెందుకు దండగని అందులోంచి బస్తాలు తీసి అరుగులు కట్టుకున్నారు. నీళ్లు కొట్టడానికి వాలు దిగే ఓపిక ఎవరికీ లేకపోయింది. చీటీలు ఎనిమిదింటి మీదా ఎనిమిదనే రాసిందట. తక్కినవాళ్లు చీటీ ఊరికే విప్పి, తమ నంబరు నోటితో చెప్పారు.

"నాకు చెప్పలేదేమే?"

"చెబితే ఒప్పుకుంటావా? నీకేమక్కా, చేతిలో పనుంది. ఎంత పాడు గోడైనా నువ్వు బాగుచేసుకోగలవు. మాకెవరున్నారు?"

మేస్త్రక్కకు ఏడుపొచ్చింది. సిమెంటు పోయినందుకు కాదు. ఫోనులో ప్రతిరోజూ తనతో నవ్వుతూ మాట్లాడిన ఆ గొంతు గుర్తొచ్చి. నీళ్లు కొట్టీ కొట్టీ చేతులు పడిపోతున్నాయన్న గొంతు. ఐదేళ్ల పిల్లకు జడ వేసిన తన చేతులు గుర్తొచ్చి. పరాయివాళ్లు గొంతు కోసినా ఇంత నొప్పి ఉండదు, ఎందుకంటే వాళ్ల చేతికి మనం మెడ చాపి ఇవ్వం. ఆమె అలాగే చాపి ఇచ్చింది. వాలు దిగి ఇంటికి పోయింది.

మర్నాడు ఉదయం ఇంజినీరమ్మ ఆఖరి తనిఖీకి వచ్చే రోజు. తనిఖీ అయి, మేస్త్రి వేలిముద్ర పడితేనే ఇంటి పత్రాలు. అవీ ఎనిమిదింటికీ కలిపే ఇస్తారు. ఒక్క ఇల్లు తప్పినా ఎవరి చేతికీ పత్రం రాదు. ఈ సంగతి గుర్తొచ్చి తెల్లారకుండానే ఏడిళ్లవాళ్లూ ఆమె గుమ్మం ముందు వాలారు.

"నేను పాపిష్టివాణ్ని మేస్త్రక్కా" అన్నాడు దర్జీ, చేతులు జోడించి. "నాకు తూకపుగుండు పట్టడం నేర్పింది నువ్వు. నాకు బుద్ధి లేకపోయింది. రేపే వస్తాం. ఏడిళ్లవాళ్లం కలిసి గోడలు గీకి, గట్టి మాలుతో మళ్లీ పూసిపెడతాం. అరుగులు కూలగొట్టైనా సామాను తెస్తాం. ఇవాళ ఒక్కటి కాపాడు."

"పిల్లల మీద ఒట్టు అక్కా" అంది చెల్లెలు. మనవణ్ని పొత్తిళ్లలో ఎత్తుకునే వచ్చింది. వాడు మేస్త్రక్క వేలిని గుప్పిట బిగించి పట్టుకున్నాడు.

ఏడుగురూ ఒట్టు వేశారు. ఆమె మొగుడు లోపలినుంచి, "వద్దే. ఉన్నదున్నట్టు చెప్పేయ్" అన్నాడు. అతను అంత గట్టిగా మాట్లాడి చాలా రోజులైంది. మేస్త్రక్క వినిపించుకోలేదు. పత్రాలు ఆగిపోతే ఆ బిడ్డ కూడా ఏదో ఒకరోజు రేకుల షెడ్డులోకే పోతాడని ఆమెకు అనిపించింది.

ఇంజినీరమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఎనిమిదో ఇంటి ముందు ఆగి, "ఇది చివర్లో కట్టింది కదా మేస్త్రిగారూ, గోడలన్నీ మీరు చూశారుగా?" అంది.

"చూశాను."

"మీరు చూశారంటే నేను మళ్లీ తట్టక్కర్లేదు" అని నవ్వి పుస్తకం ముందుకు జరిపింది. మేస్త్రక్క వేలిముద్ర వేసింది. వేలిని కొంగుకు తుడుచుకుంటుంటే సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. తనను నమ్మిన మనిషికి తనూ అదే పని చేసింది. ఇప్పుడా జట్టు నిజంగానే ఎనిమిదిమంది జట్టయింది. గోడలు మంచివేనని మేస్త్రే ముద్ర వేసిన ఇంటికి ఇక ఆఫీసు ఒక్క బస్తా కూడా ఇవ్వదు.

పత్రాలు ఆ సాయంత్రమే అందరి చేతికీ వచ్చాయి. మర్నాడు పొద్దు పొడవకముందే లేచి మొగుణ్ని, మంచాన్ని చెట్టు కిందికి మార్చింది. పడకగది గోడలు గీకడం మొదలుపెట్టింది. తన కూలీ డబ్బుతో కిందటి సాయంత్రమే తెచ్చిన మూడు బస్తాల సిమెంటు ఉంది. ఏడిళ్ల నుంచి పద్నాలుగు జతల చేతులు వస్తాయి కదా, అంతమందికి మాలు అందకపోతే పని ఆగిపోతుందని, ఇద్దరు మనుషులు కలపాల్సినంత మాలు ఒక్కతే కలిపింది. నాలుగుకు ఒకటి, కొలిచి మరీ. తాపీలు ఏడు కడిగి వరసగా పెట్టింది.

ఏడయింది. ఎనిమిదయింది. పైన దర్జీ మిషను చప్పుడు మొదలైంది. కుళాయి దగ్గర ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. ఒకాయన సైకిలు మీద వాలు పక్కనుంచే పోతూ, ఇటు చూడకుండా ఉండటానికి మెడ అంతా అటు తిప్పుకున్నాడు. మాలు పైన పొరకట్టింది. ఆమె పారతో ఒకసారి తిరగేసి, ఇంకొంచెం నీళ్లు చల్లింది. ఇంకోసారి తిరగేసే సరికి పార దిగలేదు. చెట్టు కింద మొగుడు దగ్గుతూనే ఉన్నాడు గానీ ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదనిపించింది ఆమెకు.

తొమ్మిది దాటాక చెల్లెలు వచ్చింది, టీ ఫ్లాస్కుతో. గట్టిపడిన మాలు కుప్ప చూసింది. కడిగి పెట్టిన తాపీలు చూసింది.

"ఎవరూ రాలేదా? వస్తామనే అన్నారే" అంది. మేస్త్రక్క వరసలోని తాపీలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టసాగింది. "పత్రాలు వచ్చేశాయిగా అక్కా, ఇక ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. నువ్వు ఎలాగూ ఏమీ అనవని..." చెల్లెలు మాట సగంలో ఆపేసింది. ఫ్లాస్కు గుమ్మం మీద పెట్టి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, పార అందుకుంది. "సరేలే, నేనున్నాను కదా. కొత్త మాలు నేను కలుపుతాను, నువ్వు పూత పుయ్యి."

మేస్త్రక్క దగ్గరికొచ్చి ఆమె చేతిలోంచి పార తీసుకుంది. గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు నిప్పు దగ్గరికి వెళుతుంటే ఆపినట్టే ఆపింది.

"వద్దమ్మా. నువ్వు కలిపితే నేను మళ్లీ చూసుకోవాలి."

చెల్లెలి ముఖం పాలిపోయింది. దోపుకున్న కుచ్చెళ్లు మెల్లగా కిందికి వదిలింది. మేస్త్రక్క మిగిలిన బస్తా విప్పి, నాలుగు తట్టల ఇసుక కొలిచి పోసుకుని, ఒక్కతే కలుపుకోవడం మొదలుపెట్టింది.